అత్తయ్యగారి మేజరూ, మైనరూ

సెప్టెంబరు 3

కోడలుపిల్లకి,

క్షేమంగా చేరాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు మూతి తిప్పుతావని తెలుసు. ఫోన్లో మనిద్దరం మూడో మాటకి గొంతు పెంచుతాం, ఐదో మాటకి ఎవరో ఒకరం పెట్టేస్తాం. ఉత్తరంలో అయితే నేను ముగించేదాకా నువ్వు వినక తప్పదు. నీకూ అదే సౌకర్యం ఉంది, వాడుకో. మావాడికి వేరే రాయను. ఏ కాగితమైనా చివరి లైను మాత్రం చూసి "బాగానే ఉందట" అనే రకం వాడు.

గదిలో రెండు మంచాలు, ఒక కిటికీ, ఒక గుడ్లగూబ. గుడ్లగూబంటే నాతో ఉండే పిల్ల. పగలు పడుకుని రాత్రి చదువుతుంది. మొదటిరోజు తలుపు తీసి, "మీ అమ్మాయి ఏదాంటీ?" అంది. "అమ్మాయిని నేనే, కాస్త జరుగు" అన్నాను. యాభై ఎనిమిదేళ్ళ అమ్మాయిని అది ఇంతవరకు చూడలేదట.

ఇక చదువు సంగతి. కాలేజీలో చేరితే వాళ్ళే ఏదో ఒక చదువు చెబుతారనుకున్నాను. ఇక్కడ ఏం చదవాలో మనమే వాళ్ళకి చెప్పాలట. దానికి సలహాదారుగా ఒక ప్రొఫెసరుని ఇచ్చారు. భూగర్భశాస్త్రం చెబుతాడు. ఆయన బల్ల మీద కాగితాలకంటే రాళ్ళే ఎక్కువ, అందుకని రాళ్ళ మాస్టారని పేరు పెట్టుకున్నాను. డిగ్రీలు రెండు రకాలట, కళలదొకటి, సైన్సుదొకటి. కళలది కావాలంటే రెండేళ్ళు పరాయి భాష చదవాలి. సైన్సుది కావాలంటే లెక్కలు ఎక్కువ. లెక్కల మాట వినగానే నాకు కళల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అయినా పూర్తిగా తప్పించుకోలేకపోయాను. ఏ డిగ్రీ తీసుకున్నా సైన్సు ప్రయోగాల కోర్సొకటి, ఒళ్ళు వంచి చేసే కళ ఒకటి, గణాంకాలొకటి చేసి తీరాలి, లేకపోతే పట్టా ఇవ్వరు. "గణాంకాల బదులు ఇంకేదైనా చేస్తానండీ" అన్నాను. "ఆ మాట అందరూ అంటారండీ" అన్నాడు.

ఇవిగాక లోతుగా చదివే సబ్జెక్టు ఒకటి ఎంచుకోవాలి. దాన్ని మేజరంటారు. అంత లోతు లేకుండా పక్కన పెట్టుకునేది మైనరు. రెండో ఏడు చివరిదాకా గడువుంది. నాకు పెళ్ళప్పుడు కూడా ఆలోచించుకోవడానికి ఇంత టైమివ్వలేదు.

పార్లరు ఇక నీదే. అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. నాలుగేళ్ళు ఉత్తమురాలిగా ఉండి చూడు, విసుగొస్తే చెప్పు.

నీ అత్త

సెప్టెంబరు 19

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీ అబ్బాయి చివరి లైను చూసి "విసుగ్గా ఉందట" అన్నారు.

పార్లరు బాగానే నడుస్తోంది. వచ్చినవాళ్ళందరూ "పెద్దావిడ ఏరీ?" అంటున్నారు. కాలేజీకి వెళ్ళారంటే "ఎవర్ని దింపడానికి?" అంటున్నారు. దువ్వెనలు మీరు పెట్టిన చోటే ఉన్నాయి. గులాబీ రంగు గోడలు అలాగే ఉన్నాయి. అద్దం మూల పగులు కనపడకుండా మీరు అంటించిన పువ్వు బొమ్మ కూడా భద్రం. మీ కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టడం లేదు. రద్దీ రోజున ఆడవాళ్ళు నిలబడే ఉంటున్నారు గానీ దాన్ని ముట్టుకోనివ్వలేదు.

మా బీకాంలో ఇన్ని ఎంపికలు లేవు. కిటికీ పక్కన కూర్చోవడమా, తలుపు పక్కన కూర్చోవడమా, అంతే.

ఒక్క మాట. మీరు కాలేజీకి దరఖాస్తు పెట్టిన సంగతి నాకు బ్యాంకు మేనేజరమ్మ చెప్పింది, తలకి రంగు వేయించుకుంటూ. ముందే తెలిసినట్టు నవ్వాను. ఆ నవ్వులో ఆవిడ చెవికి కూడా రంగు వేశాను.

మీ కోడలు

ఫిబ్రవరి 11

కోడలుపిల్లకి,

పార్లరుని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నావన్నమాట. ఆ గులాబీ రంగు నీకంత నచ్చుతుందనుకోలేదు. ఎవరి రుచి వాళ్ళది. చెవికి రంగంటావా, నిమ్మరసం పెడితే పోతుంది.

ఒళ్ళు వంచే కళ ఏదో ఒకటి ఈ టర్ములో వదిలించుకుందామని రాళ్ళ మాస్టారి దగ్గరికెళ్ళాను. నా పాత వృత్తి తెలిసినవాడు కదా, పాపం మంచి మనసుతోనే అన్నాడు: "నాటక విభాగంలో విగ్గులు చేసేవాళ్ళు కావాలి. మీకైతే మంచినీళ్ళు తాగినంత తేలిక."

"విగ్గులు చేసే బదులు ఈ మేడ మీంచి దూకుతానండీ" అన్నాను.

"అది వ్యాయామం కిందికి వస్తుందండీ, కళ కిందికి రాదు" అన్నాడు.

చివరికి నాట్యంలో చేరాను. ఆడలేక మద్దెల ఓడన్నారు. ఇక్కడ నెపం వేయడానికి మద్దెల కూడా లేదు, గోడకి ఒక స్పీకరుంది, దాన్నే తిట్టుకుంటున్నాను. మొన్న మాస్టారమ్మ అందర్నీ గాలిలా కదలమంది. నేను తలుపులా కదిలాను. "గాలి వేస్తే తలుపే కదా కదిలేది" అని వాదించాను. పాసు మార్కులు వేసింది, నాట్యానికా వాదనకా అన్నది అడగలేదు.

మోకాళ్ళు పట్టుకుని,
అత్త

ఏప్రిల్ 8

కోడలుపిల్లకి,

చూస్తుండగానే రెండో ఏడు అయిపోవస్తోంది. పరాయి భాషలో నా పెన్ను బల్ల మీద ఉందని, నీ పెన్ను బల్ల కింద ఉందని చెప్పగలను. ఆ దేశం వెళితే పెన్నులున్నంతకాలం హాయిగా బతికేస్తాను.

లోతుగా చదవడానికి తత్వశాస్త్రం తీసుకుంటున్నాను. అదేమిటంటావా? ఎదుటివాళ్ళు ఏదో ఒకటంటారు. అదెందుకు తప్పో మనం చెప్పాలి. వాళ్ళు సర్దుకుని ఇంకోటంటారు. అదీ తప్పని చెప్పాలి. ఇన్నేళ్ళు అత్తగారి హోదాలో ఇంట్లో ఊరికే చేసిన పనికి ఇక్కడ మార్కులేస్తారు. దానికి పక్కన భూగర్భశాస్త్రం పెట్టుకుందామని చూస్తున్నాను. రాళ్ళు చాలా మర్యాదస్తులు. కదలవు, పెరగవు, ఒక్కదానికీ జుట్టుండదు.

నీ పార్లరు ఎలా ఉంది? నీ ఉత్తరాలు ఈ మధ్య ఆఫీసు సర్క్యులర్లలా వస్తున్నాయి. ఒంట్లో బాగాలేదా?

నీ అత్త

తా.క. మేజరు కుదిరింది, శుక్రవారం సంతకాలు. మైనరు విషయంలో రాళ్ళ మాస్టారు చొరవ తీసుకుంటున్నాడు.

ఏప్రిల్ 12

అత్తయ్యగారికి,

హడావుడిగా రాస్తున్నాను. ఇది అందేలోపే మీ అబ్బాయి మీ దగ్గరికి చేరతారు. మీ ఉత్తరం చివరి లైను చదివారు. "మిలటరీ మేజరైతే పింఛనుంటుంది, అది సరే, మైనరు దేనికి?" అని గొణుక్కుంటూ బూట్లు వేసుకుని బస్సెక్కారు. నేను బ్యాంకు మేనేజరమ్మ తల ఆరబెడుతూ, అది చదువు గురించండీ అని వెనకనుంచి చెబుతూనే ఉన్నాను. డ్రయ్యరు మోతలో వినపడలేదు. నిజానికి డ్రయ్యరు ఆపొచ్చు. ఆపాలనిపించలేదు.

కోడలు

ఏప్రిల్ 15

కోడలుపిల్లకి,

వచ్చాడు. నేను క్లాసులో ఉన్నాను. ఆఫీసువాళ్ళు రాళ్ళ మాస్టారి గదికి పంపారు. తర్వాత మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ నాకు చెప్పిన వైనం ఇది.

"మేజరుగారు మీరేనా?" అన్నాడట మావాడు గుమ్మంలో నిలబడి.

"కాదండీ, మైనరు నేను" అని ఆయన లేచి చెయ్యి చాచాడట.

మావాడు ఆ చెయ్యి చూసి, ఆయన తెల్ల మీసాలు చూసి, "ఈ వయసులోనా?" అన్నాడట.

"దీనికి వయసుతో పనేముందండీ. మీ అమ్మగారికి ఆసక్తి ఉంది, నా దగ్గర ఖాళీ ఉంది."

"మరి మేజరు?"

"ఆవిడ పక్క భవనంలో ఉంటారు."

"ఆవిడా?" అని మావాడు కుర్చీలో కూలబడ్డాడు. ఆ కుర్చీలో కూడా రాళ్ళే ఉన్నాయి. అప్పుడు కేకవేస్తే పక్క గదులవాళ్ళు వచ్చి నన్ను పిలిచారు.

అంతా విడమరిచి చెప్పాక సిగ్గుపడి, క్యాంటీన్లో రెండు పళ్ళేలు తిన్నాడు. తిని, నీళ్ళు తాగి ఒక మాటన్నాడు. "కోడలితో పడకే అమ్మ ఇల్లొదిలి పోయిందని వీధంతా అనుకుంటోంది. మళ్ళీ పెళ్ళంటే కూడా నమ్మేశానంటే అందుకే" అన్నాడు.

ఆ మాట వీధికి ఎవరు చెప్పారు? ఇప్పుడు పార్లరు నడిపేది నేను కాదు. ఊళ్ళో మాటలన్నీ పుట్టేది ఆ కుర్చీల్లోనే.

అత్త

ఏప్రిల్ 21

అత్తయ్యగారికి,

ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. అనుకున్నాను, అంతే. ఇంకేమనుకోమంటారు? దరఖాస్తు సంగతి మేనేజరమ్మ చెబితే తెలిసింది, మీరేమో పొద్దున నాతో కలిసి తువ్వాళ్ళు మడతపెట్టి, సాయంత్రం తాళాలు చేతిలో పెట్టి "వచ్చేవారం కాలేజీకి వెళుతున్నాను" అన్నారు. అంతకు ముందు నెలే నేను కొత్త రకం కటింగు మొదలుపెట్టాను. మీరు చూసి ఏమీ అనలేదు. మీరు ఏమీ అనకపోవడం అదే మొదటిసారి.

రెండేళ్ళుగా ఆ గులాబీ గోడలు చూసి నా కళ్ళు మండుతున్నాయి. మీరు తిరిగొచ్చి "నా పార్లరుని ఏం చేశావు?" అంటారని ఒక్క మేకు కూడా కదపలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినవాళ్ళ గురించి విన్నాను. కోడలి మీద కోపం నాలుగేళ్ళ డిగ్రీ మీద చూపించిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నాను. నామీద ఏమైనా ఉంటే ముఖం మీదే అనండి. మార్కులు నేను వేస్తాను.

ఈ ఉత్తరానికి చివరి లైను ఇదే, మీ అబ్బాయి చదివినా నాకు అభ్యంతరం లేదు.

ఏప్రిల్ 27

కోడలుపిల్లకి,

నీమీద కోపంతో ఎవరైనా పరాయి భాషలో క్రియాపదాలు బట్టీపడతారా? అంత కోపమొస్తే ఇంట్లోనే ఉండి నిన్ను సాధించేదాన్ని, ఖర్చు కూడా తక్కువ.

నాకు జుట్టంటే అసహ్యం. తడి జుట్టు, తెగిన జుట్టు, జాకెట్టులో దూరే జుట్టు, కలలో కూడా జుట్టు. మీ మామయ్యగారు పోయాక పిల్లాణ్ణి పెంచడానికి తెలిసిన పని అదొక్కటే, చేశాను. ఆ గులాబీ రంగు ఎవరో వద్దని తిరిగిచ్చేసిన డబ్బా, అగ్గువకి వస్తే పూయించాను. దాన్ని చూసి నేనూ కళ్ళు మూసుకునేదాన్నే. నీకు నచ్చిందనుకుని ఇన్నాళ్ళు నోరు కట్టేసుకున్నాను.

వచ్చిన ప్రతి మనిషీ కుర్చీలో కూర్చుని ఏదో ఒకటి చెప్పేది. దేశం ఎందుకిలా ఉంది, పిల్లల్నెలా పెంచాలి, భూమెలా పుట్టింది. నేను వెనక నిలబడి, అద్దంలో తల ఊపి, "అవునండీ" అనేదాన్ని. ముప్పై ఏళ్ళు. వాళ్ళు చెప్పింది నిజమో కాదో నాకేం తెలుసు? ఒక్కసారైనా "కాదండీ, ఎందుకంటే" అనాలని ఉండేది. మొన్న క్లాసులో అన్నాను. నాదే తప్పని తేలింది. అయినా ఆ పూట రెండుసార్లు వడ్డించుకున్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు అప్పుడే పనిలో పడి, ఒక్కొక్క తలా చూసి మురిసిపోతున్నావు. ఇది దిక్కుమాలిన పని అని ఏ నోటితో అనను? పైగా సీటు రాకపోతే మీరిద్దరూ నవ్వుతారని భయం. ఆ కొత్త కటింగు బాగుంది. బాగుంటే అనడం నాకు చేతకాదు.

అత్త

మే 6

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం చదివిన మధ్యాహ్నమే గోడలు గీకించాను. కింద ఆకుపచ్చ, దాని కింద నీలం. మీ రాళ్ళ మాస్టారు చూస్తే మురిసిపోయేవారు. అన్నిటిమీదా తెలుపు వేయించాను. మీ కుర్చీలో ఇప్పుడు అందరూ కూర్చుంటున్నారు.

నాకు జుట్టంటే ఇష్టమే. ముఖం వేలాడేసుకుని వచ్చిన మనిషి, వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వెళ్ళి అద్దంలోకి ఇంకోసారి తొంగి చూస్తుంది చూడండి. ఆ రెండో చూపు కోసం రోజంతా నిలబడగలను.

మార్కులు వేశాను. పాసయ్యారు.

కోడలు

జూన్ 2

అత్తయ్యగారికి,

మీ నాలుగో ఏటి స్నాతకోత్సవం నుంచి క్షేమంగా ఇల్లు చేరాం. నల్లకోటులో మీరు వేదిక మీదికి వస్తుంటే మీ అబ్బాయి ఏడ్చారు. ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు. ఈ నాలుగేళ్ళలో మీరు రాసిన ఉత్తరాలన్నీ చివరి లైన్లే చదివిన మనిషి, ఆ రోజు మాత్రం కార్యక్రమం కాగితం మొదటినుంచీ చదివారు.

మీరు మాకిచ్చి పంపిన పట్టా అట్టని ఫ్రేము కట్టే షాపుకి తీసుకెళ్ళాం. ఆయన తెరిచి, "లోపల ఏం పెట్టమంటారు?" అన్నాడు. మీ అబ్బాయి బయట స్కూటరు దగ్గరున్నారు. "అట్టకే కట్టండి, మా ఇంట్లో ఇదే ఆనవాయితీ" అన్నాను. ఇప్పుడు ముందు గదిలో గోడకుంది. బాగానే ఉందంటున్నారు అందరూ.

అత్తయ్యగారూ, కాగితమేదీ?

మీ కోడలు

జూన్ 8

కోడలుపిల్లకి,

కాగితం గణాంకాల దగ్గర ఆగింది. తప్పదని తెలిసీ చివరి టర్ముదాకా వాయిదా వేశాను, తప్పాను. ఒక్క కోర్సు తక్కువైతే వేదిక ఎక్కనిస్తారు, ఖాళీ అట్ట చేతికిస్తారు, వేసవిలో పాసైతే కాగితం పంపుతారు. లేకపోతే అట్టే మిగులుతుంది. మీరిద్దరూ కొత్త బట్టలు కొనుక్కున్నారని విన్నాక చెప్పడానికి నోరు రాలేదు. వేదిక మీద ఆ అట్ట పట్టుకుని నవ్వుతుంటే, లోపల ఏమీ లేదన్న సంగతి చేతికి తెలుస్తూనే ఉంది.

వేసవి క్లాసులో కూర్చున్నాను. గుడ్లగూబ చెబితే అర్థం కాలేదు, దానికి అర్థమయ్యేంత త్వరగా నాకు కాదు. పెళ్ళి మాటల్లో మీ నాన్న, నీకు బీకాంలో గణాంకాల్లో అందరికంటే ఎక్కువ వచ్చాయని చెప్పాడు. అప్పుడు నేను పక్కకి చూశాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఈ ప్రామాణిక విచలనమంటే ఏమిటే అమ్మా?

అత్త

జూన్ 14

అత్తయ్యగారికి,

ఎర్ర పెన్ను కొన్నాను.

ఒకావిడకి జుట్టు భుజాల దాకా కావాలి. ఇంకొకావిడకి నడుం దాకా కావాలి. సగటు తీసి ఇద్దరికీ వీపు మధ్యకి కత్తిరించారనుకోండి. లెక్క సరిపోతుంది, పార్లరు మూతపడుతుంది. సగటు అబద్ధం చెప్పదు గానీ మనుషుల్ని దాచేస్తుంది. ఒక్కొక్కరు ఆ సగటుకి ఎంతెంత దూరంగా నిలబడ్డారో చెప్పేది విచలనం. అందరూ దగ్గర దగ్గరగా ఉంటే చిన్నది. అందరూ మన ఇంట్లోవాళ్ళలా ఉంటే పెద్దది.

జుట్టు ఉదాహరణలే వస్తాయి, అసహ్యమైనా ఓర్చుకోండి. ప్రతి సోమవారం లెక్కలు చేసి పంపండి, దిద్ది పంపుతాను. కొట్టివేతలు చూసి కోపం తెచ్చుకోకూడదు. మీ అబ్బాయికి ఏమీ చెప్పలేదు. గోడ మీద అట్టని రోజూ తుడుస్తున్నారు.

కోడలు

ఆగస్టు 17

కోడలుపిల్లకి,

పాసయ్యాను. గొప్పగా కాదు. సగటుకి కొంచెం కింద, కానీ ఎంత కిందో నేనే లెక్కగట్టి చెప్పగలను. కాగితం తపాలాలో వస్తుంది. వచ్చిన రోజు మావాడు ఇంట్లో లేనప్పుడు అట్టలో దూర్చెయ్యి.

పరీక్ష గదిలో నాలుగో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది. నీ ఎర్ర రాత కళ్ళముందుకొచ్చింది: "తొందరపడకండి, ముందు ఎవరి గురించి అడుగుతున్నారో చూడండి." చూశాను. వచ్చింది. నాకు నాలుగేళ్ళలో చాలామంది పాఠాలు చెప్పారు. తప్పు చేస్తే జాలిపడనిది నువ్వొక్కదానివే.

డిగ్రీతో ఏం చేస్తారని అందరూ అడుగుతున్నారు. కొన్నాళ్ళు ఏమీ చేయను. పార్లరుకి మాత్రం రాను, భయపడకు. అంటే పని చేయడానికి రాను. ఒక అవసరం ఉంది. ఇక్కడ గుడ్లగూబే నా జుట్టు కత్తిరిస్తూ వచ్చింది. కుడివైపుకి ఒక అభిప్రాయం, ఎడమవైపుకి ఇంకో అభిప్రాయం. అంతకు ముందు ఎప్పుడూ నేనే అద్దంలో చూసుకుంటూ కత్తిరించుకునేదాన్ని, ఎవరి చేతికీ తల ఇవ్వలేదు. నీకు వీలుంటే కూర్చుంటాను.

అత్త

ఆగస్టు 22

అత్తయ్యగారికి నమస్కారాలు.

మంగళవారం పార్లరుకి సెలవు. బుధవారం రద్దీ. గురువారం మధ్యాహ్నం రండి. ముందు వచ్చినవాళ్ళుంటే బెంచీ మీద కూర్చోవాలి, అత్తగారని వరస తప్పించను. కత్తెర పట్టుకునే తీరు గురించి సలహాలిస్తే తడి తలతోనే లేపేస్తాను.

ఎంత కత్తిరించాలో మీరు రాయలేదు. అద్దం ముందు కూర్చున్నాక మాట్లాడుకుందాం. తొందరేమీ లేదు. మీ తర్వాత ఎవర్నీ రమ్మనలేదు.

మీ కోడలు